పేరు దొరకని నొప్పి: దీర్ఘకాలిక కడుపునొప్పి, నిర్ధారణాన్వేషణ – తెలంగాణ గ్రామీణ నేపథ్యం

వ్యాససంగ్రహం:
నెలల తరబడి వేధిస్తూ, పరీక్షలలో కారణం కనిపించని కడుపునొప్పి వైద్యానికి ఎంత సమస్యో భాషకూ అంతే సమస్య. రోగి చెప్పే మాటకు, వైద్యుడు వెదికే అవయవానికి మధ్య ఉన్న దూరమే అనేక సందర్భాలలో నిర్ధారణను ఆలస్యం చేస్తుంది. ఆ దూరాన్ని పూరించకుండానే చికిత్సకు పూనుకొంటే కలిగే నష్టానికి తెలుగు రాష్ట్రాలలో గర్భాశయ తొలగింపు శస్త్రచికిత్సల చరిత్ర నిదర్శనం. రోగి కథనాన్ని ప్రాథమిక సాక్ష్యంగా స్వీకరించవలసిన ఆవశ్యకతను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కడుపునొప్పి, శూల, రోగకథనం, క్లోమశోథ, గర్భాశయ తొలగింపు, తరిగొప్పుల, జనగామ.

1. ఉపోద్ఘాతం:
జనగామ జిల్లాలోని తరిగొప్పుల 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మండలకేంద్రమైంది. ఇటువంటి మండలాలలో దీర్ఘకాలం కడుపునొప్పితో బాధపడే వ్యక్తి చికిత్సాయాత్ర సాధారణంగా ఊరిలోని ఆర్‌.ఎం.పి. వద్ద సూదిమందుతో మొదలవుతుంది. తరువాతి మజిలీ జనగామలో స్కానింగు. అక్కడ తేలకపోతే వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రి, ఆ పైన హైదరాబాదు. ప్రతి మజిలీలోనూ కొత్త చీటీ, కొత్త మందులు, మళ్ళీ మొదటి నుండి పరీక్షలు. కూలి పోతుంది, అప్పు పెరుగుతుంది. చివరకు చేతికి వచ్చే మాట తరచుగా ఒక్కటే: 'అంతా నార్మల్‌గానే ఉంది.'

పరీక్ష నార్మల్‌గా ఉండడం వేరు, మనిషి ఆరోగ్యంగా ఉండడం వేరు. ఈ తేడాను గుర్తించనిచోట రోగి మాట అబద్ధమవుతుంది, లేదా మానసికమవుతుంది. తెలుగు దినపత్రికల జిల్లా పుటలలో 'కడుపునొప్పి భరించలేక' అని మొదలయ్యే ఆత్మహత్యా వార్తలు పాఠకులకు కొత్త కావు. జాతీయ నేరగణాంక సంస్థ ఏటా ప్రకటించే ఆత్మహత్యల కారణాలలో కుటుంబ సమస్యల తరువాతి స్థానం అనారోగ్యానిది. ఆ నొప్పి ఏమిటన్న ప్రశ్న మాత్రం వార్తతోనే ముగిసిపోతుంది. ఆ ప్రశ్నను మనిషి బతికి ఉండగానే ఎలా అడగాలన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

2. 'కడుపు' – ఒక మాట, అనేకావయవాలు:
తెలుగులో 'కడుపు' అనే పదానికి అర్థవిస్తృతి ఎక్కువ. అది ఆహారం చేరే చోటు, గర్భం, సంతానం కూడా. 'కడుపుతో ఉంది', 'కడుపుకోత', 'కడుపుతీపి', 'కడుపుమంట' అనే ప్రయోగాలలో ఒకే పదం శరీరాన్నీ బంధుత్వాన్నీ మనఃస్థితినీ సూచిస్తుంది. కనుక ఒక స్త్రీ 'కడుపుల నొస్తుంది' అన్నప్పుడు ఆ మాట ఆమాశయాన్ని గాని, పేగులను గాని, గర్భాశయాన్ని గాని, మూత్రాశయాన్ని గాని సూచించవచ్చు. విన్నవారు ఏ అర్థాన్ని ఎంచుకుంటారన్న దానిపై ఆమె ఏ వైద్యుని వద్దకు వెళుతుందో, ఏ స్కానింగు చేయించుకుంటుందో ఆధారపడి ఉంటుంది.

నామవాచకం అస్పష్టమైనా క్రియలు స్పష్టమైనవి. పొడుస్తుంది, గుంజుతుంది, మెలిపెడుతుంది, సలుపుతుంది, మండుతుంది, ఉబ్బుతుంది, కోస్తుంది – ఈ క్రియలు ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. మెలిపెట్టి వదలి మళ్ళీ పట్టే నొప్పి, ఎడతెగక సలిపే నొప్పి వేర్వేరు శారీరక ప్రక్రియలను సూచించవచ్చు. క్రియ ఒక్కటే రోగనిర్ధారణ చేయలేదు. కాని అది దర్యాప్తుకు దిశ చూపుతుంది. ఆసుపత్రి చీటీపై 'కడుపునొప్పి' అని మాత్రమే వ్రాసినప్పుడు జారిపోయేది ఈ క్రియయే.

కారణం తెలియని నొప్పికి సమాజం తన కారణాలను తాను సమకూర్చుకుంటుంది. 'మందు పెట్టిండ్రు' అనే అనుమానం, బాణామతి భయం అటువంటివి. రోగి, కుటుంబం తమ బాధకు చెప్పుకొనే కారణాలను అమెరికన్ వైద్య మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ వివరణ నమూనాలుగా గుర్తించి, వైద్యుడు వాటిని అడిగి తెలుసుకోవాలని ప్రతిపాదించాడు. అటువంటి నమ్మకాన్ని వైద్యుడు ఎగతాళి చేస్తే రోగి మిగిలిన విషయాలు కూడా దాచిపెడుతుంది. దానిని అట్లాగే వదిలివేస్తే నింద పొరుగింటివారి మీద పడుతుంది.

3. కాలాన్ని బట్టి నొప్పి – సంప్రదాయ వైద్యదృష్టి:
ఆయుర్వేదంలో కడుపునొప్పికి 'శూల' అనే పేరు ప్రసిద్ధం. శంకువు గుచ్చినట్లుండే బాధ కనుక ఆ పేరు వచ్చిందని సుశ్రుతసంహిత వివరిస్తుంది. మాధవకరుని మాధవనిదానం శూలతో పాటు పరిణామశూలను, అన్నద్రవశూలను కూడా చెబుతుంది. ఆహారం జీర్ణమయ్యే వేళ వచ్చేది పరిణామశూల. జీర్ణమైనా కాకున్నా, తిన్నా తినకున్నా వేధించేది అన్నద్రవశూల. నేటి వ్యాధులలో ఏదో ఒకదానితో వీటిని సమీకరించడం తొందరపాటు. గమనించదగినది పద్ధతి. శరీరం లోపలికి చూసే పరికరం లేని కాలంలో వర్గీకరణకు ఆధారం రోగి చెప్పిన వేళ: తినకముందా, తిన్న తరువాతా, అరిగే సమయంలోనా అన్నది. ఆధునిక వైద్యుడు రోగచరిత్ర తీసుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్నలూ ఇవే.

4. నొప్పి తన చోటు ఎందుకు చెప్పదు:
చర్మంపై ముల్లు గుచ్చుకుంటే వేలితో చూపవచ్చు. ఉదరాంతర్గత అవయవాల విషయంలో అది సాధ్యం కాదు. పేగును కోసినా అంతగా తెలియదు. అది ఉబ్బినా, గట్టిగా ముడుచుకున్నా, దానికి రక్తప్రసారం తగ్గినా, వాచినా నొప్పి పుడుతుంది. ఆ అవయవాల నాడీతంతువులు సంఖ్యలో తక్కువ. అవి వెన్నుపాములో అనేక స్థాయిలలో ప్రవేశిస్తాయి. అందువలన మెదడు నొప్పి స్థానాన్ని స్థూలంగా మాత్రమే గుర్తించగలదు. ఆమాశయం, క్లోమం, పిత్తాశయాల నొప్పి రొమ్ముటెముక దిగువన, చిన్నపేగు నొప్పి బొడ్డు చుట్టూ, పెద్దపేగు చివరి భాగపు నొప్పి పొత్తికడుపులో తెలుస్తుంది. అపెండిక్స్ వాపు కూడా తరచుగా బొడ్డు దగ్గర మొదలై, తరువాతనే కుడివైపు దిగువకు చేరుతుంది. గర్భాశయం, మూత్రాశయం, మలాశయం సమీప నాడీమార్గాలను పంచుకుంటాయి కనుక ఒకదాని నొప్పి మరొకదానిదిగా తోచవచ్చు.

నొప్పి ఉదరకుహరంలో కాక ఉదరభిత్తిలోనే ఉండే సందర్భాలూ ఉన్నాయి. 1926లో జాన్ కార్నెట్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు దీనికి సులభమైన పరీక్షను సూచించాడు. రోగిని పడుకోబెట్టి, నొప్పి ఉన్నచోట వేలితో నొక్కి ఉంచి, తల పైకెత్తమంటారు. కండరాలు బిగుసుకున్నప్పుడు నొప్పి పెరిగితే అది భిత్తికి సంబంధించినది కావచ్చు. ఈ పరీక్షకు యంత్రం అక్కరలేదు, ఖర్చు లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేయవచ్చు.

స్కానింగుకు పరిమితులున్నాయి. పిత్తాశయంలోని రాళ్ళను అల్ట్రాసౌండ్ చక్కగా చూపుతుంది. ఆమాశయ వ్రణాలను, తొలిదశలోని క్లోమశోథను, ఉదరపొరపై పలుచగా వ్యాపించిన ఎండోమెట్రియోసిస్‌ను అది చూపకపోవచ్చు. పేగుల క్షయ సైతం ఒక స్కానింగులో దొరకకుండా తప్పించుకోగలదు. కాబట్టి నార్మల్ నివేదిక అంటే 'వ్యాధి లేదు' అని కాదు, 'ఈ పరికరంతో వెదికిన చోట కనిపించలేదు' అని.

5. ఆలస్యంగా దొరికిన పేరు – ఉష్ణమండల క్లోమశోథ:
ఒకనాడు అంతుచిక్కని నొప్పికి మరునాడు పేరు దొరకవచ్చుననడానికి దక్షిణభారతంలోనే ఉదాహరణ ఉంది. మద్యం అలవాటు లేని యువకులకు, కొన్నిసార్లు పిల్లలకు, పై కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చి వీపువరకు పాకుతుంది. తిన్నాక పెరుగుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కొంత తగ్గుతుంది. సంవత్సరాల తరువాత మధుమేహం బయటపడుతుంది. 1959లో జూయిడెమా ఇండోనేషియాలో ఇటువంటి రోగులను వర్ణించాడు. తరువాత కేరళలో పి.జె. గీవర్గీస్ విస్తృతంగా అధ్యయనం చేశాడు. క్లోమంలో రాళ్ళు ఏర్పడే ఈ వ్యాధికి కర్రపెండలం కారణమని చాలాకాలం భావించారు.

2002లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి., ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పరిశోధకులు ఈ రోగులలో గణనీయమైన భాగానికి స్పింక్-1 అనే జన్యువులో మార్పులున్నట్లు చూపారు. క్లోమంలో తయారయ్యే జీర్ణరసం ఆ గ్రంథినే జీర్ణం చేయకుండా అడ్డుకొనే వ్యవస్థలో ఆ జన్యువుది ముఖ్యపాత్ర. దీనితో ఆహారమే కారణమన్న వాదం బలహీనపడింది. బయటినుండి తరంగాలను ప్రసరింపజేసి క్లోమంలోని రాళ్ళను పగులగొట్టే చికిత్సను అదే సంస్థ వెయ్యిమందికి పైగా రోగులకు అందించిన అనుభవాన్ని 2010లో ప్రచురించింది. 'గ్యాస్' అన్న పేరుతో ఏళ్ళు గడిపిన నొప్పి వెనుక ఇటువంటి వ్యాధి ఉండవచ్చు. దానిని అనుమానించడానికి కావలసిన ఆధారాలు – వీపుకు పాకడం, వంగితే తగ్గడం, తిన్నాక పెరగడం – మూడూ రోగి మాటలలోనే దొరుకుతాయి.

6. ప్రశ్న ముగియకముందే శస్త్రచికిత్స:
తెలుగు రాష్ట్రాల అనుభవంలో అత్యంత ఆందోళనకరమైన అధ్యాయం గర్భాశయ తొలగింపు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగవ విడతలో (2015–16) 15–49 ఏళ్ళ స్త్రీలలో ఈ శస్త్రచికిత్స జరిగినవారు దేశవ్యాప్తంగా 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఐదవ విడతలో (2019–21) తెలంగాణ సంఖ్య 8.2 శాతానికి పెరిగింది. నాలుగవ విడతలో దేశంలోని ఈ శస్త్రచికిత్సలలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవే. కారణాలలో సగానికి మించినది 'అధిక ఋతుస్రావం లేదా నొప్పి'. సర్వే పట్టికలోనే రక్తస్రావం, నొప్పి ఒకే గడిలో చేరిపోవడం గమనార్హం. ఏ నొప్పి, ఎక్కడి నొప్పి అన్నది అక్కడా నమోదు కాలేదు.

ఉమ్మడి మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి ఈ అంశంపై చేసిన అధ్యయనం చిన్నవయసులోనే గర్భాశయం కోల్పోయిన గ్రామీణ స్త్రీల స్థితిని వెలుగులోకి తెచ్చింది. పిల్లలు పుట్టడం ముగిసింది కనుక గర్భసంచి అవసరం తీరిందన్న భావన, కేన్సర్ అవుతుందన్న భయం, తెల్లబట్టకూ నడుము గుంజడానికీ ఇదే పరిష్కారమన్న నమ్మకం కలిసి నిర్ణయాన్ని తొందరపెడతాయి. అండాశయాలను కూడా తొలగిస్తే ఋతుక్రమం అకాలంగా ఆగిపోవడంతో పాటు ఎముకల క్షీణత, హృద్రోగ ప్రమాదం పెరుగుతాయి. నొప్పి మూలం పేగులలో ఉంటే గర్భాశయం పోయినా నొప్పి పోదు. చికాకుపేగు లక్షణసమూహం ఉన్న స్త్రీలలో గర్భాశయ తొలగింపు అధికంగా జరుగుతున్నదని అమెరికాలోని పరిశోధనలు కూడా చూపాయి. కనుక ఈ పొరపాటు ఒక ప్రాంతానికో, చదువులేమికో పరిమితమైనది కాదు.

కొన్ని సందర్భాలలో ఈ శస్త్రచికిత్స ప్రాణరక్షకం. అభ్యంతరం శస్త్రచికిత్సపై కాదు, కారణం తేలకముందే దానిని ఎంచుకోవడంపై. 2023 ఏప్రిల్ 5న నరేంద్ర గుప్తా కేసులో సర్వోన్నత న్యాయస్థానం అనవసర గర్భాశయ తొలగింపులను నివారించడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలలలో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయి పర్యవేక్షణ సంఘాలు ఆ మార్గదర్శకాలలో భాగం.

7. 'అంతా నార్మల్' తరువాత:
వెదకవలసినవన్నీ వెదికిన తరువాత కూడా అవయవలోపం కనిపించని నొప్పి ఉంటుంది. దానికీ పేరుంది. 2016లో వెలువడిన నాలుగవ రోమ్ ప్రమాణాల ప్రకారం, గత మూడు నెలలలో సగటున వారానికి ఒక రోజైనా నొప్పి వస్తూ, అది మలవిసర్జనతో గాని, విసర్జనల సంఖ్యలో లేదా మలం తీరులో మార్పుతో గాని – ఈ మూడింటిలో కనీసం రెండింటితో – ముడిపడి, కనీసం ఆరు నెలల క్రితం మొదలై ఉంటే దానిని చికాకుపేగు లక్షణసమూహంగా గుర్తించవచ్చు. పేగులకు మెదడుకు మధ్య సంకేతవ్యవస్థ అతిసున్నితమైనప్పుడు సాధారణ కదలిక కూడా నొప్పిగా అందుతుంది. ఈ నొప్పి కల్పితం కాదు. 'మీకేమీ లేదు' అన్న మాటకూ, 'ప్రమాదకర వ్యాధి లేదు, ఈ నొప్పి ఇట్లా పుడుతుంది, దీనిని ఇట్లా తగ్గించుకోవచ్చు' అన్న మాటకూ మధ్య రోగి జీవితమే మారిపోయేంత అంతరముంది.

బరువు తగ్గడం, సాయంకాలపు జ్వరం, మలంలో రక్తం, నిద్రనుండి లేపే నొప్పి, రక్తహీనత, కామెర్లు, ఆగని వాంతులు, యాభై ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైన నొప్పి – వీటిలో ఏది ఉన్నా అన్వేషణ ఆగకూడదు. నొప్పినివారక మాత్రలు, సూదులు ఏళ్ళతరబడి వాడితే అవే ఆమాశయంలో పుండ్లు కలిగిస్తాయి. అప్పుడు మందే కొత్త నొప్పికి కారణమై అన్వేషణను మరింత చిక్కుపరుస్తుంది. నొప్పి బతుకుపై విరక్తిని కలిగిస్తున్నదా అని అడగడం కూడా వైద్యంలో భాగమే. ప్రభుత్వ టెలీ-మానస్ సేవ 14416 సంఖ్యలో తెలుగులోనూ అందుబాటులో ఉంది.

8. రోగి కథనం సాక్ష్యంగా:
తరిగొప్పుల నుండి హైదరాబాదు వరకు ఆసుపత్రులు మారినా మారకుండా వెంట వచ్చేది రోగి కథనం ఒక్కటే. అది వ్రాతలో ఉంటే ప్రతిచోటా మొదటి నుండి మొదలుపెట్టే అవస్థ తగ్గుతుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ క్రియతో చెప్పదగినది, తిండితో, విసర్జనతో, నెలసరితో, పనితో, భంగిమతో దానికి సంబంధమేమిటి, నిద్ర చెడుతున్నదా, ఇంతవరకు వాడిన మందులు, చేసిన ఆపరేషన్లు ఏవి – ఈ వివరాలను నాలుగు వారాలపాటు ఒక పుస్తకంలో నమోదు చేస్తే చాలు. చదువురాని వారి కోసం ఇంటిలోని విద్యార్థి గాని ఆశా కార్యకర్త గాని వారి మాటలలోనే వ్రాయవచ్చు. నెలసరి నొప్పి ప్రతినెలా పొత్తికడుపుకు తిరిగివస్తే ఎండోమెట్రియోసిస్ వైపు, తిన్న వెంటనే వీపుకు పాకితే క్లోమం వైపు, విసర్జనతో మారితే పేగుల వైపు ఆ పుస్తకమే దారి చూపుతుంది.

2023లో జనగామలో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైంది. అక్కడికి రాబోయే విద్యార్థులకు ఈ ప్రాంతపు నొప్పిక్రియల పట్టిక ఒక పాఠ్యసామగ్రి కాగలదు. మాండలిక పదసేకరణ చేసే తెలుగుశాఖల పరిశోధకులు వృత్తిపదాల వలెనే రుగ్మతాపదాలను కూడా సేకరిస్తే, అది భాషాధ్యయనానికీ ప్రజారోగ్యానికీ ఉమ్మడి వనరవుతుంది.

9. ముగింపు:
కారణం తెలియని కడుపునొప్పిలో రోగి కోరేది నివారణ ఒక్కటే కాదు, తన మాటకు నమ్మిక కూడా. మాధవనిదానం నుండి రోమ్ ప్రమాణాల వరకు నొప్పిని విభజించినది దాని వేళ, దాని తీరు. ఆ రెండూ చెప్పగలిగినది బాధపడుతున్న వ్యక్తి మాత్రమే. ఆ కథనాన్ని వినకుండా చేసిన స్కానింగు వెదకవలసిన చోటును తప్పిస్తుంది. వినకుండా చేసిన శస్త్రచికిత్స తిరిగి ఇవ్వలేని దానిని తీసివేస్తుంది. 'కడుపుల నొస్తుంది' అన్న మాటను నిర్ధారణకు ఆరంభవాక్యంగా భావించి, దాని తరువాతి వాక్యాన్ని అడగడమే గ్రామీణ వైద్యంలో తక్షణం సాధ్యమైన సంస్కరణ.