పరీక్షకొచ్చిన గిరీశం

నాటకాన్ని బట్టీ పట్టినవాళ్ళకు మార్కులు వస్తే రావచ్చు గాని, నాటకం మాత్రం రాదు. పరీక్షల రోజుల్లో చాలా ఇళ్ళలో వినిపించేది ఇదే: "గిరీశం ఆషాఢభూతి, వాచాలుడు, అవకాశవాది..." గైడులోని విశేషణాలన్నీ వరసగా వస్తాయి. గిరీశం మాత్రం రాడు!

మాది డోర్నకల్లు. కొత్తగూడెం వైపు రైలుదారి చీలేది ఇక్కడే. బండ్ల కూతల మధ్య కూర్చుని 'కన్యాశుల్కం' చదువుతున్న మా మనవరాలు, "తాతయ్యా, వీళ్ళు మనలాగ మాట్లాడరేం?" అన్నది.

ఎట్లా మాట్లాడతారు? గురజాడ అప్పారావుగారిది విజయనగరం. ఆ సీమ పలుకునే పాత్రల నోట పెట్టారు. 1892లో ప్రదర్శించిన ఆ నాటకాన్ని 1897లో అచ్చు వేయించి, 1909లో దాదాపు కొత్తగా తిరగరాశారు. కంటితో చదివితే కొరకరాని ఆ మాట, గొంతెత్తి చదివితే తేలిగ్గా అర్థమవుతుంది.

"అయితే చదవకు, ఆడు" అన్నాను. నేను అగ్నిహోత్రావధాన్లు, మా అమ్మాయి వెంకమ్మ, మనవరాలు కరటకశాస్త్రి. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు డబ్బు తీసుకుని కట్టబెడతానని నేను గర్జించాను. వాళ్ళిద్దరూ వద్దని మొత్తుకున్నారు. ఉన్నట్టుండి మనవరాలు పుస్తకం మూసింది.

"ఇట్లా నిజంగా అమ్మేవాళ్ళా, తాతయ్యా?"

మొదటి కూర్పు పీఠికలో గురజాడవారు ఇచ్చిన లెక్క చెప్పాను. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలను విజయనగరం మహారాజావారు జాబితా వేయిస్తే 1,034 తేలాయి. ఆ పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6. ఏడాది పిల్లలు ముగ్గురు!

పిల్ల కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా క్లాసులో ఒకమ్మాయి దసరా సెలవలకు వెళ్ళి మళ్ళీ రాలేదు. పెళ్ళి చేశారట" అన్నది.

పద్ధెనిమిదేళ్ళు నిండందే ఆడపిల్లకు పెళ్ళి చేయరాదని చట్టం ఉన్నది. వరకట్నం కూడదని 1961లోనే మరో చట్టం వచ్చింది. ఆనాడు వరుడివైపునుంచి వచ్చిన సొమ్ము ఈనాడు వధువువైపునుంచి పోతున్నది. దారి మారింది గాని, బేరం పోలేదు.

అందుకే తల్లిదండ్రులకు నా మనవి. పిల్లలతో కలిసి ఒక్క రంగం పైకి చదవండి. ప్రతి పాత్రకూ ఏం కావాలో, దానికోసం ఏం అబద్ధమాడుతుందో అడగండి. జవాబు విశేషణాలు లేకుండానే వస్తుంది. ఆపైన గైడులో లేని ప్రశ్న ఒకటి వేయండి: ఇందరు పెద్దలు ఇంత బేరమాడారే, సుబ్బిని అడిగినవారెవరు?