డాక్టర్ ఫోన్ చూస్తున్నారా? చూడనివ్వండి!

"ఏంటి సార్, గూగుల్ చూసి మందు రాస్తున్నారా?" ఓపీలో నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. కొందరు నవ్వుతూ అడుగుతారు, కొందరు అనుమానంగా. జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నా. యాంటీబయాటిక్ రాసే ముందు ఫోన్ తీసే మాట నిజమే. చూసేది మాత్రం గూగుల్ కాదు.

ఎక్కువగా తెరిచేది ఐసీఎంఆర్ గైడ్‌లైన్స్ పీడీఎఫ్. ఏ ఇన్‌ఫెక్షన్‌కి ముందు ఏ మందు మొదలుపెట్టాలో అందులో ఉంటుంది. రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో తెచ్చిన 'అవేర్' జాబితా. అందులో యాంటీబయాటిక్స్‌ యాక్సెస్, వాచ్, రిజర్వ్ అని మూడు గుంపులు. అమోక్సిసిలిన్ యాక్సెస్‌లో ఉంది. జలుబు చేస్తే చాలు, మనవాళ్లు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్ ఉంది చూశారూ, అది వాచ్! అంటే ఆచితూచి వాడాల్సిన మందు. కొలిస్టిన్ లాంటివి రిజర్వ్. మిగతావేవీ పనిచేయనప్పుడే వాటి జోలికి వెళ్లాలి. పేషెంట్ కిడ్నీలు సరిగ్గా లేకపోతే డోసు కూడా మళ్లీ లెక్కేసుకోవాలి.

అయితే అన్నిటికన్నా అవసరమైన సమాచారం ఏ యాప్‌లోనూ దొరకదు. మా దగ్గరికొచ్చే రోగుల్లో కనిపించే బ్యాక్టీరియా ఇంకా ఏ మందుకి లొంగుతోంది? ల్యాబ్‌వాళ్లు కల్చర్ రిపోర్టులన్నీ కూడి ఆ లెక్క తీస్తారు. దాన్నే యాంటీబయోగ్రామ్ అంటారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కి పాత పుస్తకాలు సిప్రోఫ్లాక్సాసిన్ రాయమంటాయి. మన దేశంలో ఈ-కొలై చాలావరకు దాన్ని లెక్కచేయడం మానేసి ఏళ్లయింది. కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. సెప్సిస్‌తో అర్ధరాత్రి వచ్చిన మనిషికి అంత టైమ్ ఉండదు. అప్పుడు నాకు దిక్కు ఆ లెక్కే.

ల్యాబ్ లేని చిన్న క్లినిక్‌లో ఏం చేస్తారు? సీనియర్‌కి ఫోన్ కొడతారు, బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో అడుగుతారు. లేదంటే మెడికల్ రెప్ చెప్పింది వింటారు. నాకు భయం వేసేది ఈ చివరిదే. మందు అమ్మాల్సిన మనిషి దాని లోపాలు ఎంతవరకు చెబుతాడు?

ఒక్క సమాచారం మాత్రం మీ దగ్గరే ఉంటుంది. గత మూడు నెలల్లో మీరేం యాంటీబయాటిక్ వాడారు? అది తెలిస్తే నేను రాసే మందే మారిపోవచ్చు. స్ట్రిప్ పారేసే ముందు పేరు కనిపించేలా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. "ఏదో తెల్ల మాత్ర సార్" అంటే, నా ఫోన్‌లో ఏమని వెతకను?