మీకు తెలుసా? పసుపు పట్టీకి రెండు అర్థాలు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో రెండు ఆసుపత్రుల్లో పనిచేసే ఓ నర్సు, రోగి చేతికి పసుపు పట్టీ వేసింది. ఒకచోట దాని అర్థం ‘ఈ చేతి నుంచి రక్తం తీయొద్దు’. ఆమె అప్పుడు డ్యూటీలో ఉన్నచోట మాత్రం ‘గుండె ఆగితే బతికించే ప్రయత్నం వద్దు’! ఆ రోగి గుండె ఆగనే ఆగింది. మరొకరు పొరపాటు పసిగట్టబట్టి సరిపోయింది, లేకుంటే అంతే సంగతులు. 2005లో ఇది బయటపడ్డాక అక్కడి ఆసుపత్రులు రంగుల విషయంలో ఒక మాట మీదికి రాసాగాయి: అలర్జీకి ఎరుపు, పడిపోయే ముప్పుకు పసుపు, బతికించే ప్రయత్నం వద్దంటే ఊదా.

ఇంగ్లండ్, వేల్స్ అసలు రంగులనే నమ్మలేదు. 2007 నాటి మార్గదర్శకాల ప్రకారం తెల్ల పట్టీపై నల్ల అక్షరాలు; హెచ్చరిక అవసరమైతే ఎరుపొక్కటే. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) నంబరు ఉంటే చాలు. మంచం నంబరు ఉండదు. రోగిని వార్డు మార్చారంటే ఆ నంబరు తప్పైపోతుంది కదా!