ఓడినా... ఈల ఆగదు!

పుట్టింది తెలుగుగడ్డ మీద. మాట్లాడేది తెలుగు. క్రికెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మనసు సరిహద్దు దాటి చెన్నై చేపాక్ మైదానంలో వాలిపోతుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ‘సూపర్ కింగ్స్’ అభిమానుల కథ ఇదే. గెలిచినన్నాళ్లూ ఈలలు వేసిన ఆ అభిమానులకు 2025 సీజన్ పెద్ద పరీక్షే పెట్టింది. జట్టు ఎక్కడ తప్పింది? ఎవరు నిలబడ్డారు? ఎవరు నిరాశపరిచారు? ఊరూరా రచ్చబండ మీద సాగిన ఆ లెక్కల్లోకి ఓసారి తొంగిచూద్దాం!

2025 ఏప్రిల్ 25, శుక్రవారం రాత్రి. చేపాక్‌లో చెన్నై, హైదరాబాద్ జట్ల మధ్య మ్యాచ్. చిత్తూరు, తిరుపతి పట్టణాల్లో ఇలాంటి రోజున చాలా ఇళ్లు రెండుగా చీలిపోతాయి. నాన్నది పసుపు చొక్కా అయితే, కొడుకుది నారింజ రంగు. అమ్మ ఓటు ధోనీకి. కాలేజీలో చదివే కూతురికి నితీశ్‌కుమార్ రెడ్డి కొట్టే సిక్సర్లు కావాలి. అన్నం కంచాలు టీవీ ముందుకే వస్తాయి.

మ్యాచ్ మొదటి బంతికే చెన్నై వికెట్ పడింది. షమీ బౌలింగ్‌లో అవుటైంది ఎవరో కాదు, గుంటూరు కుర్రాడు షేక్ రషీద్! చెన్నై జట్టులో ఉన్న తెలుగబ్బాయి సున్నాకే వెనుదిరిగితే సంతోషించాలా, బాధపడాలా? నారింజ చొక్కా వాళ్లకూ అర్థం కాలేదు. చెన్నై 154 పరుగులకు ఆలౌటైంది. హర్షల్ పటేల్ నాలుగు వికెట్లు తీశాడు. హైదరాబాద్ 5 వికెట్ల తేడాతో నెగ్గింది. చెన్నైని దాని సొంతగడ్డ మీద సన్‌రైజర్స్ ఓడించడం అదే తొలిసారి. గెలుపు పరుగుల వేళ క్రీజులో ఉన్నవాళ్లలో విశాఖ కుర్రాడు నితీశ్ ఒకడు.

ఆ రాత్రి నాన్నలు టీవీ కట్టేసి మౌనంగా పడుకున్నారు. తెల్లారి టీ కొట్టు దగ్గర మాత్రం నోరు విప్పారు. ‘‘మనోళ్లు ఏందిబ్బా ఇట్లా ఆడతా ఉండారు?’’ ఆ వేసవి అంతా ఈ ప్రాంతంలో మారుమోగిన ప్రశ్న ఇదొక్కటే!

చెన్నై ‘మనోళ్లు’ ఎలా అయ్యారు?

దీనికి జవాబు క్రికెట్‌లో కంటే భూగోళంలోనే ఎక్కువ దొరుకుతుంది. తిరుపతి నుంచి చెన్నై సుమారు 150 కిలోమీటర్లు. హైదరాబాద్ 550 కిలోమీటర్ల పైమాటే. పొద్దున్నే రైలెక్కితే చెన్నైలో పని చూసుకుని రాత్రికి ఇంటికి చేరొచ్చు. పుత్తూరు, నగరి దాటితే తమిళనాడే. పెళ్లిపట్టు చీరకైనా, పెద్ద వైద్యానికైనా ఇక్కడివాళ్ల చూపు మొదట అటే పోతుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో ఎక్కువ భాగం వచ్చింది ఉత్తర ఆర్కాటు నుంచే. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి వెళ్లేదాకా ఈ జిల్లాలోనే ఉంది. రాష్ట్రాల గీతలు మారినా చుట్టరికాలు మారలేదు. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం... రెండూ తెలిసినవాళ్లకు ‘విజిల్ పోడు’ అంటే వేరే అర్థం చెప్పాల్సిన పని లేదు.

2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు హైదరాబాద్‌కు డెక్కన్ ఛార్జర్స్ జట్టు ఉండేది. 2009లో కప్పు కూడా గెలిచింది. అయితే 2012తో ఆ జట్టు కథ ముగిసింది. దాని స్థానంలో సన్‌రైజర్స్‌ను తెచ్చింది చెన్నైకి చెందిన సన్ టీవీ నెట్‌వర్క్! ‘మీ హైదరాబాద్ జట్టు యజమాని కూడా మా చెన్నై ఆయనే కదా’ అని పసుపు చొక్కాల వాళ్లు ఎత్తిపొడిచేది అందుకే.

తిరుపతి వాళ్లకు ఇంకో బంధమూ ఉంది. 2023లో అయిదోసారి విజేతగా నిలిచాక చెన్నై జట్టు యాజమాన్యం కప్పును నేరుగా తీసుకెళ్లింది ఎక్కడికో తెలుసా? చెన్నై త్యాగరాయనగర్‌లోని తిరుమల తిరుపతి దేవస్థానం ఆలయానికి. స్వామి పాదాల దగ్గర పెట్టి పూజ చేయించింది. ‘కప్పు మన సామి దగ్గరికే వచ్చె’ అని ఇక్కడివాళ్లు మురిసిపోకుండా ఎలా ఉంటారు!

పడమటి చిత్తూరు కథ వేరు. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు వెళ్తే బెంగళూరు గాలి వీస్తుంది. అక్కడ ఎరుపు చొక్కాలే ఎక్కువ. ఒకే పాత జిల్లాలో మూడు రంగులు!

ఏడు విడిచి ఏడు కాపు

మామిడి రైతుకు ఓ లెక్క తెలుసు. చెట్టు ఒక ఏడాది విరగకాస్తే, మరుసటి ఏడు కాపు తగ్గుతుంది. ఆ తర్వాత మళ్లీ గుత్తులు గుత్తులుగా కాస్తుంది. చెన్నై అభిమానులూ కొన్నేళ్లు ఇదే లెక్క నమ్ముకున్నారు.

2010, 2011, 2018ల్లో కప్పు గెలిచిన జట్టు 2020లో తొలిసారి ప్లేఆఫ్స్‌కు దూరమైంది. మరుసటి ఏడాది 2021లో విజేత! 2022లో తొమ్మిదో స్థానానికి జారింది. 2023లో మళ్లీ విజేత! అహ్మదాబాద్‌లో అర్ధరాత్రి దాటాక జడేజా ఆఖరి రెండు బంతుల్ని సిక్సరు, ఫోరుగా మలచిన ఆ ఫైనల్‌ను ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. 8 బంతుల్లో 19 పరుగులు చేసి ఐపీఎల్‌కు వీడ్కోలు పలికిన మన అంబటి రాయుడి కన్నీళ్లనూ మరిచిపోలేరు. 2018లో చెన్నై తరఫున 602 పరుగులు చేసిందీ అతనే. తెలుగువాళ్లు పసుపు చొక్కా వేసుకోవడానికి రాయుడు ఒక గట్టి కారణం.

2024లో కాపు మళ్లీ తగ్గింది. కొత్త కెప్టెన్ రుతురాజ్ గైక్వాడ్ 583 పరుగులతో రాణించినా, మే 18న బెంగళూరులో 201 పరుగులు చేసి ఉంటే ఓడినా ముందుకెళ్లే మ్యాచ్‌లో జట్టు 191 దగ్గర ఆగిపోయింది. పది పరుగుల దూరం! ‘పోనీలే... లెక్క ప్రకారం వచ్చే ఏడు మనదే’ అనుకున్నారు.

లెక్క తప్పింది. 2025లో 14 మ్యాచ్‌లు ఆడి గెలిచింది నాలుగే. పది జట్లలో పదో స్థానం. జట్టు చరిత్రలో అట్టడుగున నిలవడం ఇదే మొదటిసారి.

కోటకు బీటలు

ఓటముల కంటే ఎక్కువగా బాధించింది చేపాక్‌లో ఓడటం. ఒకప్పుడు అక్కడ టాస్ గెలిస్తే చాలు, సగం మ్యాచ్ గెలిచినట్టే అనుకునేవారు. 2025లో ముంబయి మీద తొలి మ్యాచ్ నెగ్గారు. తర్వాత వరసగా బెంగళూరు, దిల్లీ, కోల్‌కతా, హైదరాబాద్, పంజాబ్... సొంతగడ్డపై అయిదు ఓటములు. బెంగళూరు 2008 తర్వాత, దిల్లీ 2010 తర్వాత అక్కడ చెన్నైని ఓడించడం అప్పుడే. కోల్‌కతా మీద మరీ ఘోరం. 20 ఓవర్లాడి 103 పరుగులు. ఆ లక్ష్యాన్ని ప్రత్యర్థి 10.1 ఓవర్లలో కొట్టేసింది.

తిరుపతి, చిత్తూరు నుంచి రైళ్లలో, బస్సుల్లో, కార్లలో చేపాక్‌కు వెళ్లి వచ్చేవాళ్లకు ఈ ఓటములు టీవీలో చూసినవి కావు. అర్ధరాత్రి మైదానం నుంచి బయటపడి, తిరుగు ప్రయాణంలో ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వచ్చిన రాత్రులవి.

ఎందుకిలా అయింది? లీలామహల్ సర్కిల్ దగ్గర అడిగినా, చిత్తూరు బస్టాండులో అడిగినా ఇంచుమించు ఇవే కారణాలు చెబుతారు. మొదటి ఆరు ఓవర్లలో దూకుడు లేదు. హైదరాబాద్ లాంటి జట్లు తొలి బంతి నుంచే బాదుతుంటే, చెన్నై పాత పద్ధతిలోనే నెమ్మదిగా ఆడింది. రాహుల్ త్రిపాఠి, దీపక్ హుడా ఆదుకోలేదు. పెద్ద మొత్తం పెట్టి వెనక్కి తెచ్చుకున్న అశ్విన్ మెరవలేదు. పతిరన వేగం ఉన్నా పదును తగ్గింది. అయిదు మ్యాచ్‌లకే రుతురాజ్ మోచేతి గాయంతో తప్పుకోవడం గోరుచుట్టుపై రోకటిపోటు.

‘తల’ మీదే తగవు

అన్నింటికంటే వేడి చర్చ మాత్రం ధోనీ గురించే. తమిళులకు అతను ‘తల’, అంటే నాయకుడు. ఇక్కడి తెలుగువాళ్లకూ తలే. ఆ తలకు ఇంకెంత బరువు పెట్టాలన్నదే తగవు.

2025 మార్చి 28న బెంగళూరు మీద 197 పరుగుల లక్ష్యం ఉండగా ధోనీ తొమ్మిదో స్థానంలో బ్యాటింగ్‌కు వచ్చాడు. 16 బంతుల్లో 30 పరుగులు చేశాడు. అప్పటికే మ్యాచ్ చేజారిపోయింది. అంత వెనక రావడమెందుకని అభిమానులే నిలదీశారు. పది ఓవర్ల పాటు పూర్తిస్థాయిలో పరుగెత్తి ఆడేందుకు అతని మోకాలు సహకరించదని కోచ్ ఫ్లెమింగ్ ఆ తర్వాత వివరించాడు.

ఇక్కడే ఇంట్లో తరాలు విడిపోతాయి. నలభై దాటినవాళ్లు ‘ఆయన వికెట్ల వెనక నిలబడితే చాలు’ అంటారు. వాళ్ల దృష్టిలో ధోనీ అంటే ఆటగాడు మాత్రమే కాదు. 2016, 2017ల్లో జట్టు నిషేధానికి గురై, 2018లో తిరిగొచ్చి కప్పు కొట్టినప్పటి ధైర్యం. కుర్రకారు లెక్క వేరు. 43 ఏళ్ల వయసులో ఒకరు చోటు పట్టుకుని ఉంటే 18 ఏళ్లవాడు ఎప్పుడు నేర్చుకుంటాడన్నది వాళ్ల ప్రశ్న. తాతను గౌరవించాలి... తోట పని మాత్రం మనవడికి అప్పగించాలి! విచిత్రమేమిటంటే, ఇలా వాదించిన కుర్రాళ్లే ధోనీ క్రీజులోకి నడిచి వస్తుంటే అందరికంటే ముందు ఈల వేస్తారు.

మోడు మీద చిగుళ్లు

సీజన్ చివర్లో ఓ చిత్రం జరిగింది. ప్లేఆఫ్స్ ఆశలు అందరికంటే ముందే ఆవిరైపోయాక, కుర్రాళ్లకు అవకాశం దొరికింది. రుతురాజ్ స్థానంలో వచ్చిన 17 ఏళ్ల ముంబయి కుర్రాడు ఆయుష్ మాత్రే, మే 3న బెంగళూరు మీద 48 బంతుల్లో 94 పరుగులు బాదాడు. ఆ మ్యాచ్ 2 పరుగుల తేడాతో పోయింది. అయినా ఆ రాత్రి టీవీలు త్వరగా ఆపలేదెవరూ.

మధ్యలో చేరిన దక్షిణాఫ్రికా యువకుడు డెవాల్డ్ బ్రెవిస్ మే 7న కోల్‌కతా మీద 25 బంతుల్లోనే 52 పరుగులు చేసి 180 పరుగుల లక్ష్యాన్ని అందుకునేలా చేశాడు. చివరి మ్యాచ్‌లో గుజరాత్ మీద 23 బంతుల్లో 57. ఆ రోజు చెన్నై 230 పరుగులు చేసి 83 పరుగుల తేడాతో నెగ్గింది. అఫ్గాన్ స్పిన్నర్ నూర్ అహ్మద్ సీజన్ మొత్తం నిలకడగా రాణించి 24 వికెట్లు తీశాడు. శివమ్ దూబే 357 పరుగులతో జట్టులో ముందు నిలిచాడు.

రషీద్ సంగతీ చెప్పుకోవాలి. 2022లో అండర్-19 ప్రపంచకప్ నెగ్గిన భారత జట్టుకు వైస్ కెప్టెన్ అతను. చెన్నై బెంచీ మీద ఎదురుచూసి ఎదురుచూసి, 2025 ఏప్రిల్ 14న లఖ్‌నవూ మీద తొలి మ్యాచ్ ఆడాడు. 19 బంతుల్లో 27 పరుగులు చేశాడు. వరస ఓటముల తర్వాత జట్టు గెలిచింది ఆ రోజే. గుంటూరు కుర్రాడికి చేపాక్‌లో చోటు దొరికిందంటే తమ ఊరి పిల్లలకూ దారి ఉన్నట్టేనని ఇక్కడి తల్లిదండ్రుల ఆశ.

పక్కింటి పండగ

అదే ఏడాది జూన్ 3న బెంగళూరు తొలిసారి కప్పు గెలిచింది. పలమనేరు, కుప్పం వైపు అర్ధరాత్రి దాటినా సందడే. పద్దెనిమిది సీజన్లు ఎగతాళి పడినవాళ్ల ఆనందం అది. కానీ మర్నాడే బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్త విన్నాక ఏ రంగు చొక్కా వాళ్లూ నవ్వలేకపోయారు. పిల్లల్ని మ్యాచ్‌లకు పంపే ప్రతి ఇంటా ఓ భయం మిగిలింది. ఆట ఎంత పెద్దదైనా, ఇంటికి తిరిగొచ్చే మనిషి కంటే పెద్దది కాదు కదా.

తర్వాత చెన్నై తోటను కొత్తగా వేయడం మొదలుపెట్టింది. 2025 ఆగస్టులో అశ్విన్ ఐపీఎల్‌కు వీడ్కోలు చెప్పాడు. నవంబరులో జడేజాను, సామ్ కరన్‌ను రాజస్థాన్‌కు ఇచ్చి సంజు శాంసన్‌ను తీసుకుంది. 2012 నుంచి పసుపు రంగులో చూసిన జడేజా వెళ్లిపోతుంటే, 2023 ఫైనల్ చూసిన కళ్లు చెమర్చాయి. డిసెంబరు వేలంలో భారత్‌కు ఇంకా ఆడని ప్రశాంత్ వీర్, కార్తిక్ శర్మల కోసం చెరో 14.20 కోట్ల రూపాయలు పెట్టింది. అనుభవాన్నే నమ్ముకున్న జట్టు ఇరవై ఏళ్ల కుర్రాళ్ల మీద పందెం కాసింది!

‘అంత డబ్బా!’ అని పెద్దవాళ్లు నోరెళ్లబెట్టారు. ‘ఇప్పుడు కదా దారిలో పడింది’ అని పిల్లలు చంకలు గుద్దుకున్నారు. మామిడి రైతు మాత్రం ఇద్దరికీ ఒకటే చెబుతాడు. ముసలి చెట్టు కొట్టేసేటప్పుడు చెయ్యి ఆడదు. అంటుమొక్క నాటిన ఏడాదే కాయ కోయాలనుకుంటే కుదరదు. నీళ్లు పోయాలి, కంచె కట్టాలి, కాచుకోవాలి.

చెన్నై అభిమానులకు కాచుకోవడం కొత్తేమీ కాదు. రెండేళ్ల నిషేధం చూశారు, అట్టడుగు స్థానం చూశారు. అయినా బీరువాలో మడత పెట్టిన పసుపు చొక్కాను ఎవరూ పాత బట్టల వాడికి వేయలేదు!