పొరుగువాని గడప ముందు

ఆకలికి మతం లేదన్న మాటను అందరూ అంగీకరిస్తారు. కాని ఆ ఆకలి తీర్చే చేతికి ఒక మతం ఉన్నప్పుడు, ఆ చేతితో మన చేయి కలుపవచ్చునా అన్న ప్రశ్న వచ్చేసరికి మనలో పలువురు తటపటాయిస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ పరిసరాలు రోజుల తరబడి నీట మునిగినప్పుడు, మా విద్యార్థులు పన్నెండుమందితో కలిసి మేము ఒక చర్చి సేవాదళం వెంట మూడు దినాలు పనిచేశాము. తిరిగి వచ్చిన తరువాత పెద్దలు కొందరు మమ్ములను ఆదరంగానే అడిగారు: "మాస్టారూ, సేవ మంచిదే. చర్చి తరఫున ఎందుకు?" ఆ ప్రశ్నకు నిలబడి చెప్పిన సమాధానం చాలదనిపించి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ముందుగా చర్చి ద్వారా జరిగే సేవ ఏ విధంగా నడుస్తుందో తెలుసుకోవాలి. కథోలికులలో ఒక దేవాలయం పరిధిలోని కుటుంబాలన్నింటినీ కలిపి విచారణ అంటారు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం వంటి వానిలో దానిని పాస్టరేటు అంటారు. పేరు ఏదైనా ఏర్పాటు ఇంచుమించు ఒకటే. ప్రతి ఆదివారం ఒకచోట కలుసుకొనే జనం ఉన్నారు. వారందరి పేర్లు వ్రాసిన పుస్తకం ఉన్నది. కానుకల లెక్క చూచే పెద్దలున్నారు. స్త్రీల సమాజం, యువజన సమాజం వేరువేరుగా ఉన్నవి. పదిమంది కూర్చుండుటకు ఒక హాలు, వంటకు పెద్ద పాత్రలు ఉన్నవి. ఆపద వచ్చిన దినాన కొత్తగా సంఘం పెట్టి, అధ్యక్షుని ఎన్నుకొని, చందాలు పోగుచేయవలసిన అవసరం వారికి ఉండదు. మన మసీదులకు, గురుద్వారాలకు, దేవాలయాలకు కూడ ఈ బలం కలదు. అయితే బలం ఉండుట వేరు, దానిని క్రమంగా వినియోగించుట వేరు.

ఈ క్రమాన్ని నేర్పినవారిలో ఒక విద్యార్థి పేరు చెప్పవలసి ఉన్నది. 1832లో పారిస్ నగరాన్ని కలరా పీడించింది. మరుసటి సంవత్సరం ఫ్రెడెరిక్ ఓజానాం అనే యువకుడు, అప్పటికి అతనికి ఇరువది సంవత్సరాలు, న్యాయశాస్త్రం చదువుతూ తోటి విద్యార్థులతో చర్చాగోష్ఠులు నడిపేవాడు. మతం గత కాలంలో చేసిన మేలును అతడు ఒకనాడు వర్ణిస్తుండగా, ప్రతిపక్షి ఒకడు, ఈనాడు మీరు పేదలకు చేస్తున్నదేమిటని నిలదీశాడు. ఓజానాం ఆ ప్రశ్నకు ఉపన్యాసంతో బదులు చెప్పలేదు. 1833 ఏప్రిల్ 23న కొద్దిమంది మిత్రులను కూర్చుకొని ఒక చిన్న సంఘం ప్రారంభించాడు. పారిస్ పేదవాడలలో ఏళ్ళ తరబడి పనిచేసిన రోజలీ రాండూ అనే సన్యాసిని ఆ కుర్రవారికి ఏ ఇంటికి ఎట్లా వెళ్ళాలో నేర్పింది. ఆ సంఘమే నేడు విన్సెంట్ డి పాల్ సభ పేరుతో సుమారు 150 దేశాలలో పనిచేస్తున్నది. మన తెలుగునాట కథోలిక విచారణలలోనూ దాని శాఖలు కలవు.

ఆ సభ పద్ధతిలో మూడు సంగతులు గమనింపదగినవి. ఒకటి, సభ్యులు క్రమం తప్పక కలుసుకొంటారు. సమావేశంలో ఒక సంచి చేతులు మారుతుంది. ఎవరు ఎంత వేసినదీ పక్కవానికి తెలియదు. రెండు, సహాయం కోరేవానిని తమ వద్దకు రప్పించుకొనరు, తామే అతని ఇంటికి వెళతారు. ఒంటరిగా కాక ఇద్దరిద్దరుగా వెళతారు. ఒకరి కంటికి కనబడనిది మరొకరికి కనబడుతుంది, ఒకరి తొందరపాటును మరొకరు ఆపుతారు. మూడు, ఆ ఇంటి సంగతి బయట చెప్పరు.

ఇవి పుస్తకంలో చదివినప్పుడు మాకు సాధారణమైన నియమాలుగానే తోచినవి. వాని విలువ సింగ్ నగర్‌లో మా తప్పుల వలన తెలిసింది. మొదటి దినం మేము లారీ మీద నిలబడి అన్నం పొట్లాలు, నీళ్ళ సీసాలు అందించాము. చేయి చాచగలిగినవారికి అందినవి. కండబలం ఉన్నవారికి రెండేసి కూడ అందినవి. మా విద్యార్థి ఒకడు, బియ్యం సంచి అందుకొంటున్న ఒక పెద్దమనిషిని ఫోటో తీశాడు. ఆ పెద్దమనిషి ముఖం ప్రక్కకు తిప్పుకొన్నాడు. మాకు అది పట్టలేదు, పైగా మన వార్షిక సంచికకు ఫోటో దొరికినదని సంతోషించాము కూడ. సాయంత్రం చర్చి పెద్ద ఒకాయన మా కుర్రవానిని దగ్గరకు పిలిచి, "బాబూ, మొన్నటిదాకా ఆయన పదిమందికి పెట్టినవాడై ఉండవచ్చు" అని మాత్రం అన్నాడు. ఫోటో తొలగించమని అడుగవలసిన పని లేకపోయింది.

రెండవ దినం ఆయన మమ్ములను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క సందు అప్పగించాడు. ముందు ఏమీ ఇవ్వవద్దు, కనుక్కొని రమ్మన్నాడు. మోకాటి లోతు నీటిలో నడిచి ఒక మేడ మెట్లెక్కితే, పై గదిలో ఒక వృద్ధురాలు మా పొట్లం వైపు చూడనైనా చూడలేదు. ఆమె కొరత అన్నం కాదు. కరెంటు లేక ఫ్రిజ్ ఆగిపోయినది. అందులో పెట్టుకొన్న ఇన్సులిన్ పనికివస్తుందో లేదో తెలియక రెండు దినాలుగా సూది మానుకొన్నది. లారీ మీద నిలబడి ఎన్ని వేల పొట్లాలు విసిరినా ఆమె అవసరం మాకు తెలిసేది కాదు. ఆ సాయంత్రమే ఐసు డబ్బాలో కొత్త మందు ఆమెకు చేరింది. మాకిచ్చిన కాగితంలో పేరు, వయస్సు, ఇంటిలోని మనుషులు, కావలసిన వస్తువు అని నాలుగు గడులే ఉన్నవి. మతానికి గడి లేదు.

ఇక అందరి మనస్సులోనూ మెదలే ప్రశ్నకు వద్దాము. సేవ పేరుతో మతం మార్చుట జరుగదా? ఈ అనుమానం నిరాధారమని కొట్టివేయుట న్యాయం కాదు. ఆకలిగొన్నవానికి అన్నంతోపాటు షరతు పెట్టుట ఏ మతస్థుడు చేసినా దోషమే. ఈ సంగతి మిషనరీలకూ తెలియనిది కాదు. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ అనే అమెరికను బాప్టిస్టు బోధకుడు, 1876-78 నాటి ఘోర క్షామంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా గుత్తకు తీసుకొని వేలాదిమందికి కూలి కల్పించాడు. క్షామం కొనసాగినంత కాలం, తిండి కోసం వచ్చినవారిని చేర్చుకొన్నారన్న మాట రాకూడదని, బాప్తిస్మాలు నిలిపివేశాడు. సహాయం ముగిసిన పిమ్మట 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను చూచి కృతజ్ఞత అనేవారున్నారు, అణగారినవారి ఆత్మగౌరవ కాంక్ష అనేవారున్నారు, క్షామ ఫలితం అనేవారూ ఉన్నారు. తీర్పు చరిత్రకారులకు వదలుదాము. మనకు కావలసిన పాఠం ఒకటే: సహాయానికీ మతప్రవేశానికీ మధ్య గోడ ఉండాలని ఆనాడే గుర్తించారు. ఆ గోడ ఉన్నదా లేదా అన్నది ప్రతి చోటా మన కళ్ళతో మనమే చూచుకోవాలి.

ఇటువంటి సేవలో ఇతర మతస్థులు చేయి కలుపుట కూడ కొత్త కాదు. నిజాం రాజ్యంలో కుష్ఠురోగుల కోసం డిచ్‌పల్లిలో 1915లో వెలసిన ఆసుపత్రి ఇందుకు సాక్ష్యం. దానికి మూలం ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు, ఆమె భర్త. వారు మెథడిస్టు మిషనుకు చెందినవారు. కట్టడానికి విరాళమిచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. పాలకుడు ముస్లిం ప్రభువు. ఊరు వెలివేసిన రోగికి ఆ గోడల మధ్య పడక దొరికింది. అది ఎవరి ధనంతో వచ్చినదని అతడు అడిగి ఉండడు.

మన ధర్మం ఈ విషయంలో ఏమంటున్నది? జకాత్‌కు నలభయ్యవ వంతు అన్న లెక్క, ఎవరికి చెందాలన్న నియమం ఉన్నవి. సదఖాకు ఆ పరిమితి లేదు. అది ఏ మతస్థునికైనా ఇవ్వవచ్చును. దానం గుప్తంగా ఉండాలని చెప్పే రెండు చేతుల ఉపమానం సువార్తలోనూ, హదీసులోనూ దాదాపు ఒకే రూపంలో కనబడుట మా విద్యార్థులను ఆశ్చర్యపరచింది. సేవలో పాల్గొనుట వేరు, ఆరాధనలో పాల్గొనుట వేరు. ఉదయం పని ప్రారంభించే ముందు వారు ప్రార్థన చేసుకొంటున్నంతసేపు మా పిల్లలు మౌనంగా నిలుచున్నారు. జుహర్ వేళ చర్చి పెద్దలే హాలు వసారా ఊడ్పించి మాకు చూపించారు. ఎవరి విశ్వాసమూ తరుగలేదు.

అందుచేత కళాశాల పెద్దలకు ఒక విన్నపం. ఆపద వచ్చినప్పుడే కాక నెలకొకసారి వెళ్ళే సేవాదళం ఒకటి మన విద్యార్థులలో ఏర్పడాలి. కళాశాల చుట్టుపక్కల నాలుగు వీధులు చాలును. ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, మొదట వినాలి, తరువాత ఇవ్వాలి. ఫోటోలు తీయరాదు. లెక్క మాత్రం పైసాతో సహా మీ ముందుంచాలి. మసీదు కమిటీతో కలిసి పనిచేయగలిగినచోట వారితో, చర్చివారికి అనుభవం ఉన్నచోట వారితో కలిసి పనిచేయాలి. షరతు పెట్టేవారు ఎవరైనా సరే, వారి వద్ద నుండి మర్యాదగా తప్పుకోవాలి.

విద్యార్థి మిత్రులారా! ఓజానాం ఆ సంఘం పెట్టేనాటికి మీ వయసువాడే. అతనికి ధనం లేదు, పదవి లేదు. వారంలో ఒక గంట, వెంట ఒక స్నేహితుడు ఉన్నారు. ఆ రెండూ మీకు ఉన్నవి. మాలో కొందరు ఇప్పటికీ ఆ మేడ గదికి వెళ్ళి వస్తున్నారు. "పండుగకు మీ అమ్మ ఏం వండింది నాయనా?" అని ఆమె అడుగుతున్నది. ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు అన్న భేదం ఆ గడప దగ్గర ఎప్పుడు తొలగిపోయినదో మాకు తెలియదు.