రేవు మట్టి చెరువు మట్టి కాదు

తెలుగు నేల మీద వేసవి వస్తే చెరువులు ఎండుతాయి. అప్పుడు రైతులు చెరువు అడుగున పేరుకున్న మెత్తని మట్టిని తవ్వి పొలాలకు తోలుకుంటారు. ఆ మట్టిని ‘పూడిక’ అంటారు. పూడిక తీస్తే చెరువులో నీళ్లు ఎక్కువగా నిలుస్తాయి, పొలానికి బలం వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన ‘మిషన్ కాకతీయ’లోనూ ఇదే పని జరిగింది.

ఓడరేవులో కూడా పూడిక పేరుకుంటుంది. దాన్ని తీయకపోతే ఓడల అడుగు నేలకు తగులుతుంది. మరి ఆ మట్టిని కూడా పొలానికి, పెరటికి తోలుకోవచ్చా? డర్బన్‌లో రేవు పక్కనే తరతరాలుగా బతుకుతున్న మనం తప్పక అడగాల్సిన ప్రశ్న ఇది.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ ఒప్పంద కూలీలుగా వచ్చిన మన పెద్దల్లో మొదటివారిని మద్రాసు నుంచి ఇక్కడికి తెచ్చింది. ఆ రోజుల్లో రేవు ముఖద్వారానికి అడ్డంగా ఇసుక తిన్నె ఉండేది. పెద్ద ఓడలు బయటే లంగరు వేసేవి. ఏళ్ల తరబడి ఇసుక తవ్వాక, 1904లో ‘ఆర్మడేల్ కాజిల్’ అనే పెద్ద ఓడ లోపలికి రాగలిగింది. ఆ తవ్వకం ఇప్పటికీ ఆగలేదు.

కారణం అలలు. అవి తీరం వెంట ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తూనే ఉంటాయి. రేవు గోడలు ఆ ఇసుకను ఆపేస్తాయి. అప్పుడు ఉత్తరాన ఉన్న నగర బీచ్‌లు కోసుకుపోతాయి. అందుకే తవ్విన ఇసుకను గొట్టాల ద్వారా ఆ బీచ్‌లకు పంపుతారు. మన పెద్దల్లో చాలామందికి సొంత సీమ అయిన విశాఖపట్నంలోనూ ఇదే పద్ధతి. అక్కడ రేవు దగ్గర తవ్విన ఇసుక ఆర్కే బీచ్‌కు చేరుతుంది.

ముఖద్వారం దగ్గర దొరికేది సముద్రపు ఇసుక. రేవు లోపల, ఓడలు ఆగే చోట పేరుకునే బురద వేరు. ఇసుక రేణువు పెద్దది, దానికి మురికి అంతగా అంటుకోదు. బురద రేణువు చాలా సన్నది. ఓడల రంగులోని రాగి, నూనె, కాలువల్లో కొట్టుకొచ్చే సీసం, కాడ్మియం దాన్ని పట్టుకుని ఉండిపోతాయి. ఓడల అడుగున నాచు పట్టకుండా పూసే ట్రైబ్యుటైల్‌టిన్ రంగులపై ప్రపంచవ్యాప్త నిషేధం 2008లో అమలైంది. అయినా పాత బురదలో ఆ విషం ఇంకా దొరుకుతుంది.

ఇది తెలియక నష్టపోయిన ఊళ్లు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో రాటర్‌డ్యామ్ దగ్గర బ్రూక్‌పోల్డర్ అనే పల్లపు నేల ఉంది. 1950ల చివరి నుంచి అక్కడ రేవు బురద పోసి, నేలను మెరక చేసి, ఇళ్లు కట్టాలనుకున్నారు. తర్వాత ఆ బురదలో పురుగుమందులు, ఇతర విషాలు బయటపడ్డాయి. ఇళ్లు కట్టలేదు. ఇప్పుడది చెట్లతో నిండిన విహార స్థలం. ఆ అనుభవం తర్వాత, 1987లో, అదే రేవు వాళ్లు చెడ్డ బురద కోసం ‘స్లుఫ్టర్’ అనే పెద్ద గుంటను సముద్రపు ఒడ్డున తయారుచేశారు. అందులో 15 కోట్ల ఘనపు మీటర్ల బురద పడుతుంది.

అంటే రేవు బురద ఎప్పుడూ పనికిరాదని కాదు. వరస తప్పకూడదు. ముందు పరీక్ష చేయాలి. తర్వాత ఇసుకను, బురదను వేరు చేయాలి. జర్మనీలోని హాంబర్గ్ రేవులో 1993 నుంచి ఒక కర్మాగారం ఈ పని చేస్తోంది. ఇసుక కట్టడాలకు వెళ్తుంది. బురదలోని నీటిని పిండేస్తారు. విషం ఉన్న బురదను, కింద నీరు ఇంకని పొర వేసిన దిబ్బల్లో దాచి మూసేస్తారు. శుభ్రంగా తేలిన బురదను ఆరబెట్టి, ఉప్పు కడిగి, కరకట్టలకు వాడవచ్చు. సిమెంటు కలిపి గట్టిపరచి రోడ్ల కింద వేయవచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నీటి అడుగున ఉన్నంతకాలం కొన్ని బురదలు నెమ్మదిగానే ఉంటాయి. గాలి తగిలితే వాటిలోని గంధకం ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం లోహాలను కరిగించి నీళ్లలోకి వదులుతుంది. అందుకే నల్లని బురదను ఎండబెట్టినంత మాత్రాన మంచి మట్టి అయిపోదు.

ఒప్పందం తీరాక మన పెద్దల్లో చాలామంది ఇక్కడ కూరగాయలు పండించి బతికారు. ఈనాటికీ మన పెరళ్లలో కరివేపాకు, గోంగూర కనిపిస్తాయి. ఆకుకూరలు మట్టిలోని కాడ్మియాన్ని సులువుగా పీల్చుకుంటాయి. మట్టిలో ఆడుకునే పిల్లల నోట్లోకి సీసం పోతుంది.

కాబట్టి చవకగా వస్తోందని పెరటికి మెరక తోలించే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ మట్టి ఎక్కడ తవ్వారు? ఇసుకా, బురదా? పరీక్ష చేసిన కాగితం ఉందా? ఆ పరీక్ష ఇళ్ల స్థలాల కోసమా, రోడ్ల కోసమా? జవాబు రాకపోతే లారీని వెనక్కి పంపండి. ఒకసారి పరిచిన మట్టిని మళ్లీ ఎత్తిపోయడం మోయలేని ఖర్చు.