ర్యా

అక్షరాభ్యాసం రోజు చాలామంది తెలుగువాళ్లు పళ్లెంలో బియ్యం పోస్తారు. మా మిర్యాలగూడలో ఆ బియ్యానికి ఒక చరిత్ర ఉంది. మా తాతల కాలంలో చేలల్లో జొన్నలు, సజ్జలు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమకాలువ కింద వరి పండింది, ఊరి చుట్టూ రైసుమిల్లులు వెలిశాయి. జొన్నరొట్టె తిని పెరిగిన మా నాయిన నా వేలు పట్టుకుని ఆ కొత్త బియ్యంలో ఓనమాలు దిద్దించాడు. ఆ రోజు ఏ అక్షరం రాశానో గుర్తులేదు. వేలు జరిగినచోట గింజలు తొలగి, అడుగున పళ్లెం తళుక్కుమనడం మాత్రం ఇంకా కళ్లముందే ఉంది.

ఊరికి దూరంగా, ఇక్కడ ఆదివారం తెలుగు తరగతి మొదలుపెట్టిన ఏడాది ఆ తళుకు సంగతే మరిచిపోయాను. పేజీ నిండా 'అ', మరో పేజీ నిండా 'ఆ' రాయించాను. మూడో వారం ఒక పాప పెన్సిలు కింద పెట్టి, "ఇది రాస్తే ఏమవుతుంది టీచర్?" అంది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఒక పుస్తకంలో దొరికింది. న్యూజిలాండ్‌లో మావోరి పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ తన అనుభవాలను 1963లో 'టీచర్' పేరుతో ప్రచురించింది. రోజూ ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, నీకు ఏ మాట కావాలని అడిగేదట. చెప్పిన మాటను అట్టముక్క మీద రాసి వాళ్ల చేతికే ఇచ్చేది. ప్రేమ, భయం నిండిన మాటల్ని పిల్లలు ఒక్క చూపుతో పట్టేసేవాళ్లట.

నేనూ అడిగాను. అమ్మమ్మ, కుక్క, పాము, దోశ అన్నారు. ఏడేళ్ల బాబు ఒకడు "మిర్యాలగూడ" అన్నాడు. ఎండాకాలం సెలవులకు తాతయ్య దగ్గరికి వెళ్లి వచ్చాడు.

నేను రాసి ఇవ్వబోతే వద్దన్నాడు, తానే రాస్తానన్నాడు. మకు గుడి పెట్టాడు. ల వచ్చు. గకు కొమ్ము దీర్ఘం ఇచ్చాడు, డ రాశాడు. చిక్కంతా ర్యా దగ్గరే. క, గ, డ వత్తులు పెద్ద అక్షరం పోలికతోనే ఉంటాయి. త, న, మ, య, ర, ల వత్తులకు తల్లి పోలిక రాదు. వాడికి ఆ సంగతి తెలియదు కాబట్టి, రా కింద బుల్లి య ఒకటి బుద్ధిగా కూర్చోబెట్టాడు. నాకు ముచ్చటేసింది. అది తప్పే, కానీ వాడు సొంతంగా ఆలోచించి చేసిన తప్పు. ఎర్రపెన్ను తీయలేదు. ఇంట్లో పిల్లల రాత దిద్దే తల్లిదండ్రులను వేడుకుంటున్నాను: ముందు వాళ్లు ఏం రాశారో చదవండి, దిద్దడం తరవాత.

ఆ కాగితం ఫొటో తాతయ్యకు వెళ్లింది. ఆయనా తప్పు పట్టలేదు. మర్నాడు బస్టాండుకు వెళ్లి, ఆర్టీసీ బస్సు ముందు బోర్డును ఫొటో తీసి పంపారు.

తరవాతి ఆదివారం వాడు ఆ ఫొటో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. బోర్డు మీద రెండు పేర్లు, మిర్యాలగూడ, సూర్యాపేట. వేలితో ఒకదాని నుంచి ఇంకోదానికి గీత గీస్తూ, "టీచర్, ఇక్కడ కూడా అదే ర్యా!" అని అరిచాడు. తన పాత కాగితం తీసి, బుల్లి య చెరిపి, వత్తును రా కింద నుంచి తోకలా కుడికి లాగాడు. నాలుగుసార్లు చెరిపాడు, కాగితం చిరిగేంత పనైంది. నేను చెయ్యి పట్టుకోలేదు.

మిగిలిన పిల్లలు చుట్టూ మూగారు. ర్యా ఇంకా ఎక్కడుందని వెతుకులాట మొదలైంది. కోదాడలో లేదని తేల్చారు. పెన్సిలు కింద పెట్టిన ఆ పాపే కాసేపు కళ్లు మూసుకుని, ఒక్కసారిగా లేచి నిలబడింది.

"బిర్యానీ!"